పాస్‌వర్డ్ పుస్తకంలో, 250 కోట్లు గెజిట్‌లో

ఇంక మనకేం దిగులు లేదు. మన వివరాలను కాపాడలేని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా అట. 2023లో డేటా రక్షణ చట్టం, 2025 నవంబర్‌లో రూల్స్, అసలైన నిబంధనలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలలు. అందాకా మన గుట్టు బుద్ధిగా కూర్చుని ఉంటుందని ఢిల్లీ నమ్మకం. అది చాలదన్నట్టు మెయిల్ కూడా స్వదేశీ అయింది. కేంద్ర హోంమంత్రే జోహో మెయిల్‌కు మారినాక కడప జిల్లా వల్లూరోళ్లం మనమెంత?

సర్వర్ ఇండియాలో ఉందా, అమెరికాలో ఉందా అని టీ అంగడి దగ్గర గంటసేపు వాదించుకునే పెద్దమనుషులున్నారు. పొద్దున తాము మెయిల్ తెరిచిన కంప్యూటర్ ముందు ఇప్పుడెవరు కూర్చున్నారో మాత్రం ఒక్కరికీ పట్టదు.

మన నెట్ సెంటర్ సంగతే చూద్దాం. ఫారంలో మెయిల్ ఐడీ పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. నింపకపోతే ముందుకు పోదు. ఫారం నింపడానికి వచ్చిన పాపకు మెయిల్ లేదు. ‘నేను చేసిస్తాలేమ్మా’ అంటాడు నెట్ సెంటర్ నడిపే అన్న. అన్న దగ్గర పాస్‌వర్డ్‌లకు ఒకటే మంత్రం: పేరు, అట్, 123. లక్ష్మికీ అదే, మస్తానుకూ అదే, మేరీకీ అదే. కులం, మతం, పార్టీ చూడకుండా అందరికీ సమానంగా అందుతున్నది ఈ జిల్లాలో ఇదొక్కటే.

ఆ ఐడీ, ఆ పాస్‌వర్డ్ ఒక పొడుగు పుస్తకంలోకి ఎక్కుతాయి. అట్ట మీద స్కెచ్ పెన్నుతో ‘మెయిల్స్’ అని రాసి ఉంటుంది. పోకుండా పెన్నును దారంతో కట్టారు. పుస్తకం మాత్రం కౌంటర్ మీదే, జిరాక్స్‌కు వచ్చినోడి మోచేతి కింద. రికవరీ నంబరు అన్నదే. రేపు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చినా, ఉద్యోగానికి పిలుపొచ్చినా ముందు తెరిచి చూడగలిగేది అన్నే.

ఇక కంప్యూటర్. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని క్రోమ్ అడుగుతుంది, మన చెయ్యి సేవ్ మీదే పడుతుంది. తర్వాత వచ్చినోడు ‘ఎ’ కొడితే చాలు, అనితలూ అంజిరెడ్లూ వరసగా కిందికి దిగుతారు. ఒక్కోసారి ఆ కష్టం కూడా అక్కర్లేదు. ముందు కూర్చుని పోయినామె మెయిల్ తెరిచే ఉంటుంది: హాల్ టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, సంబంధానికి పంపిన ఫోటో.

2011లో సైబర్ కేఫ్‌లకు కేంద్రం రూల్స్ పెట్టింది. అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. అడ్డం లేని చోట తెరలన్నీ బయటికి, నలుగురికీ కనబడేలా తిప్పిపెట్టాలి. రికార్డులు ఏడాదిపాటు దాచాలి. నేరస్తుణ్ని పట్టడానికే లెండి. ఈలోగా నేరస్తుడు కానివాడి మెయిల్ ఊరంతా చదువుకోవచ్చు.

నాకు ఒళ్లు మండేది నెట్ సెంటర్ అన్న మీద కాదు. ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుని, ఎవరూ నేర్పని పనిని ఆయన చేసిపెడుతున్నాడు. మండేది ఆ ఎర్ర చుక్క పెట్టినోళ్ల మీద. జన్మలో ఒక్క మెయిల్ పంపని మనిషికి, చేనులో నుంచి నేరుగా వచ్చి వేలిముద్ర వేసే తల్లికి ఇన్‌బాక్స్ ఎందుకు? ఫోనుకు మెసేజ్ వస్తే చాలదా? మెయిల్ తప్పనిసరి అంటారు. తెరవడం నేర్పరు, మూయడం అసలే నేర్పరు. ఆపైన ‘పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదు’ అని పెద్దక్షరాల్లో ఉపదేశం. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఈ హెచ్చరిక చదివీ చదివీ కళ్లు నొప్పిపుట్టాయి. తమకు తెలీకుండా ఆప్షన్లు మారిపోయాయని పిల్లలు లబోదిబోమన్న సందర్భాలూ చూశాం. తప్పెవరిదంటే పిల్లలదే అంటారు. సిగ్గుండాలి.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. వల్లూరులో ఫారం నింపి కడప బస్సెక్కిన పిల్ల మెయిల్ మాత్రం నెట్ సెంటర్లోనే ఉండిపోయింది. ఎవరైనా మోసానికి ఆ పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాడిందెవరో ఎవరు తేలుస్తారు? పుస్తకం తిప్పిన చేతులు ఒకటా రెండా?

చదువుకున్న ఉద్యోగులేమన్నా మేలా? మెయిల్ తెరిచిపెట్టి టీకి పోతారు. నగలు కౌంటర్ మీద పరిచి టీకి పోయే సేటు ప్రొద్దుటూరు మొత్తం వెదికినా దొరకడు. విండోస్ మీటతో పాటు ‘ఎల్’ నొక్కితే తెరకు తాళం పడుతుంది, అర సెకను పని. ఇన్‌కాగ్నిటో ఉందిగా అనే మేధావులకు ఒక్క ముక్క: ఆ కిటికీ మూయకుండా లేచిపోతే అదీ తెరిచే ఉంటుంది.

అమ్మానాన్నలారా, మీ పిల్లల మెయిల్‌లో రికవరీ నంబరు ఎవరిదో ఈరోజే చూడండి. మీది పెట్టి, పాస్‌వర్డ్ మార్చండి. కంప్యూటర్లో జీమెయిల్ తెరిస్తే అడుగున కుడిపక్క ‘డీటెయిల్స్’ అని చిన్నక్షరాలుంటాయి. ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో అది చూపిస్తుంది, అక్కడి నుంచే మిగతా కంప్యూటర్లన్నింట్లో సైన్ అవుట్ చేయొచ్చు. అయ్యా అధికారులూ, మీ 250 కోట్లు మీ దగ్గరే ఉంచుకోండి. ముందు ఆ ఎర్ర చుక్క తీసేయండి.