గొట్టంలో గుంపు కట్టిన ప్లేట్‌లెట్లు

జ్వరం మనిషిని 'ఒంట్లో ఎలా ఉంది?' అని అడిగే రోజులు పోయాయి. 'ప్లేట్‌లెట్లు ఎన్ని?' అంటున్నారు.

'32 వేలు' అన్న మాట చెవిన పడితే చాలు, బావమరిది బ్లడ్ బ్యాంకుకు పరుగెడతాడు. పిన్ని కివీ పండ్లు పట్టుకొస్తుంది. వాట్సాప్‌లో 'అర్జంట్, బి పాజిటివ్' అని మెసేజ్ ఊళ్లు దాటుతుంది. రోగి మాత్రం మంచం మీద కూర్చుని రెండో ఇడ్లీ అడుగుతుంటాడు. చిగుళ్ల నుంచి నెత్తురు లేదు, ఒంటి మీద ఎర్రమచ్చ లేదు. అయినా ఆయన మాట ఎవరిక్కావాలి, రిపోర్టు ఉండగా!

నిజంగా డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయేవాళ్లూ ఉన్నారు, కాదనం. కానీ కొందరి ప్లేట్‌లెట్లు ఎక్కడికీ పోవు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్షకు రక్తం పట్టే ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ ఉంటుంది. కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా చూడటం దాని ఉద్యోగం. దాదాపు వెయ్యిమందిలో ఒకరికి, కాల్షియం పోగానే ప్లేట్‌లెట్ పైనున్న ఒక ప్రొటీన్ రూపు మారుతుంది. అప్పటిదాకా ఊరకున్న యాంటీబాడీలు వచ్చి దాన్ని పట్టుకుంటాయి. ఇక ప్లేట్‌లెట్లన్నీ అతుక్కుని ముద్దలే. ఒంట్లో కాదు సుమా, గొట్టంలో! పొద్దున తీసిన శాంపిల్ బైకు మీద ఊరంతా తిరిగి సాయంత్రానికి ల్యాబ్ చేరితే ముద్దలు ఇంకా పెరుగుతాయి.

మిషన్ సైజు చూసి లెక్కపెడుతుంది. ముద్ద దానికి ప్లేట్‌లెట్‌లా కనపడదు. ఒక్కోసారి తెల్లకణాల పద్దులో రాసేస్తుంది. ఇంటింటి సర్వేలో ఉమ్మడి కుటుంబాన్ని ఒక్క లావుపాటి మనిషిగా రాసుకున్నట్టు.

ఇదేమీ కొత్త రహస్యం కాదు. 1969లోనే వైద్య పత్రికకెక్కింది. విరుగుడూ చవకే. ఆ గొట్టంలోని చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తే ముద్దలు అంచున బారులు తీరి కనిపిస్తాయి. లేత నీలం మూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ రక్తం తీసి, వెంటనే లెక్కించి, వచ్చిన అంకెను 1.1తో హెచ్చవేస్తే చాలామందికి అసలు లెక్క తేలుతుంది.

మంచి ల్యాబ్‌లు 'ముద్దలున్నాయి, సరిచూసుకోండి' అని రాస్తాయి కూడా. కాకపోతే అంకె పైన లావు అక్షరాల్లో, ఈ ముక్క అడుగున చీమ తలకాయలంత. పైదాన్ని ఫొటో తీసి పంపుతారు. కిందిది ఫ్రేములో పట్టదు.

ఎవరో డాక్టరు మళ్లీ పరీక్ష రాస్తే నీలం గొట్టంలో 2,10,000 వస్తాయి. అప్పటికే రోగి చేత రెండు గ్లాసుల బొప్పాయి ఆకు రసం తాగించి ఉంటారు కనుక ఘనత ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పాలా? పక్కింటివాళ్లు అప్పుడే కత్తిపీటతో బొప్పాయి చెట్టు కింద నిలబడ్డారు.