ఢామ్మన్న కారుకి వినకూడని సలహాలు

పాత మారుతీ 800 గానీ, అంబాసిడర్ గానీ, గ్యాస్ కిట్ బిగించిన కారు గానీ నడిరోడ్డు మీద ఢామ్మంటే చాలు, నలుగురు చేరి తలో సలహా ఇస్తారు. వాటిలో కొన్ని జేబు ఖాళీ చేస్తాయి, కొన్ని ఇంజన్‌ని పాడుచేస్తాయి, ఒకటి రెండు ఒళ్లు కాలుస్తాయి. తరచుగా వినబడేవి, అస్సలు పాటించకూడనివి ఇవి.

“శబ్దం సైలెన్సర్‌లో వచ్చింది, సైలెన్సర్ మార్పించు.”

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్ లోపల, రెండు వాల్వులూ మూసుకుని ఉండగా కాలాలి. అది వేరేచోట అంటుకుంటే బ్యాక్‌ఫైర్. కాబట్టి మొదటి ప్రశ్న: శబ్దం ముందు నుంచా, వెనక నుంచా?

ముందు నుంచి, అంటే కార్బరేటర్ వైపు నుంచి వస్తే, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందేమో చూడాలి. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో స్ట్రోక్‌కి దొరికేది సెకనులో నూరో వంతు. పలచటి మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది. ఇన్‌లెట్ వాల్వు మళ్లీ తెరుచుకునేసరికి లోపల ఇంకా మంట ఉంటే అది వెనక్కి తంతుంది. ఇన్‌లెట్ వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా ఇదే జరుగుతుంది.

వెనక నుంచి వస్తే, కాలని పెట్రోలు సైలెన్సర్ దాకా వచ్చి అక్కడ అంటుకుందని అర్థం. పెట్రోలు ఎక్కువవడం, ప్లగ్గు మిస్ కొట్టడం ఇందుకు కారణాలు. యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడే వస్తుంటే పొగగొట్టం జాయింట్లలో బయటిగాలి దూరుతోందేమో చూడండి. ఇందులో ఏ తప్పూ కొత్త సైలెన్సర్‌తో తీరదు.

“ప్లగ్గులన్నీ మార్చెయ్, అదే పోతుంది.”

మార్చేముందు చదవండి. విప్పిన ప్లగ్గులను ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే పెట్టండి. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లబారితే మిశ్రమం పలచబడి ఉండొచ్చు. పెట్రోలుతో తడిసి ఉంటే అక్కడ స్పార్క్ పడటం లేదు. ప్లగ్గులన్నీ ఒకేలా ఉంటే తప్పు కార్బరేటర్‌లోనో ఫిల్టర్‌లోనో, అంటే అన్ని సిలిండర్లకీ ఉమ్మడిదైన చోట ఉంది. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ ప్లగ్గు, వైరు, వాల్వుల్లో వెతకాలి. “పెట్రోలు కల్తీ” అనే తీర్పుకీ ఇదే పరీక్ష: కల్తీ ఒక్క సిలిండర్‌నే ఎంచుకోదు.

“డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పు, సెట్టవుతుంది.”

సర్వీసింగ్ అయిన వెంటనే మొదలైందంటే ముందు ప్లగ్గు వైర్ల వరస చూడండి. మారుతీ 800కి 1-3-2, అంబాసిడర్‌కి 1-3-4-2. వరస సరిగ్గా ఉంటే టైమింగ్ లైట్ పెట్టి గుర్తు చూడాలి, చెవితో కాదు. మారుతీలో టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారినా బ్యాక్‌ఫైర్ వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే స్పార్క్ వేళ మాత్రమే మారుతుంది, వాల్వులు తెరుచుకునే వేళ మారదు. శబ్దం తగ్గి, అసలు తప్పు అలాగే లోపల ఉండిపోతుంది.

“ఎయిర్ ఫిల్టర్ తీసేసి కార్బరేటర్‌లో కాస్త పెట్రోలు పోసి స్టార్ట్ చెయ్.”

ఇది ప్రాణాలకే ముప్పు. ముందుకి తన్నే మంటను ఎయిర్ ఫిల్టర్ డబ్బా చాలావరకు ఆపుతుంది. దాన్ని తీసి, పెట్రోలు పోసి, పైన మొహం పెట్టి చూసేవాళ్లను ఎవరైనా సరే పక్కకి లాగాలి. గాలి లీకు వెతకడానికి పెట్రోలు చల్లడం కూడా ఇలాంటిదే. ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ గాస్కెట్ అంచుల మీద సబ్బునీళ్లు చల్లితే చాలు. లీకున్నచోట లోపలికి పీల్చుకుని ఇంజన్ శబ్దం మారుతుంది. ప్లగ్గు వైర్ల మీద నీళ్లు పడనివ్వకండి.

“గ్యాస్ బండికి ఇది మామూలే.”

మామూలు కాదు. మిక్సర్ రకం కిట్‌లో గ్యాస్, గాలి థ్రాటిల్‌కి ముందే కలుస్తాయి. అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ మొత్తం మండే మిశ్రమంతో నిండి ఉంటుంది. ఒక్క బ్యాక్‌ఫైర్‌కి ఫిల్టర్ డబ్బా పగిలిపోయేది అందుకే. గ్యాస్ మిశ్రమానికి స్పార్క్ మరింత బలంగా కావాలి. పెట్రోలు మీద నడిచిపోయిన అరిగిన ప్లగ్గు, పాతబడ్డ వైరు గ్యాస్ మీద మొరాయిస్తాయి. పెట్రోలుకి మార్చగానే శబ్దం పోయిందని తప్పంతా కిట్ మీద వేయకండి. ముందు ప్లగ్గులు, వైర్లు, కాయిల్ చూడండి. గ్యాస్ వాసన వస్తే గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి, తాళం తిప్పొద్దు.

“ఇంజన్ లైట్ వెలిగినా ఏం కాదు, ఇంటిదాకా నడుపు.”

కొత్త కార్లలో ఈ సలహా ఖరీదైనది. ఆ లైట్ మిణుకుమిణుకుమంటే, మిస్సింగ్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేసేంత తీవ్రంగా ఉందని హెచ్చరిక. కాలని పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాని లోపలి భాగాన్ని కరిగించగలదు. కాలు తేల్చి, బండి పక్కకి ఆపండి. స్కానర్‌లో పీ0301 వస్తే మొదటి సిలిండర్ మిస్సవుతోందని. సిలిండర్‌కో కాయిల్ ఉన్న కారైతే ఆ కాయిల్‌ని రెండోదానితో మార్చి చూడండి. కోడ్ పీ0302 అయితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూడాలి.

షెడ్డుకి వెళ్లినప్పుడు మెకానిక్‌కి మూడు సంగతులు చెప్పండి: శబ్దం ముందా వెనకా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, పికప్ ఇచ్చినప్పుడా కాలు తీసినప్పుడా. ఒకసారికి ఒక్క భాగమే మార్చమనండి, మార్చాక నడిపి చూడమనండి. ఒకేసారి నాలుగు మారిస్తే శబ్దం పోవచ్చు గానీ, ఏది పాడైందో ఎవరికీ తెలియదు. అవసరం లేని మూడింటికీ డబ్బు కట్టేది మీరే.