ఏకాంత భోజన విధానము

పెండ్లినాడు బువ్వపుబంతిలో ప్రక్కప్రక్కన కూర్చుండి, బంధువుల పరిహాసముల నడుమ ఒకరి నోటికొకరు ముద్దలందించుకొన్న దంపతులు, అటుపిమ్మట ఒకేవేళ కంచముల ముందు కూర్చుండుట మన యిండ్లలో అరుదు. ఏలయన ఒకరు భుజించుచుండగా మరియొకరు వడ్డించుచుందురు, ఆ మరియొకరెవ్వరో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ లోపమును సవరించి, రాత్రిపూట ఇంటనే ఇరువురికి మాత్రమే ప్రణయభోజనము సమకూర్పదలచిన ఉత్సాహవంతులగు భర్తల యుపయోగార్థము, స్వానుభవమున పండిన యీ విధానమును వ్రాయుచున్నాను.

ముహూర్తనిర్ణయమునకు పంచాంగము పనికిరాదు. పిల్లలు అమ్మమ్మగారింటికి పోయియుండవలెను, మీ తల్లిగారికి ఏకాదశి కావలెను, ఊరినుండి మేనమామ దిగకుండవలెను. ఈ మూడును కలిసిన రాత్రి మూఢమైనను వదలకుడు.

పిమ్మట ‘ఈ పూట వంట నాది, నువ్వు కుర్చీలోంచి లేవకు’ అని ప్రక్కయింటికి వినబడునంత గట్టిగా ప్రకటింపుడు. వంటకంటె నిదియే ముఖ్యము. వంటకమన్నచో గుత్తివంకాయయే. లేతకాయలను తొడిమ తీయక నాలుగుగా చీల్చి, నల్లబడకుండ ఉప్పునీట వేయవలెను. చీలిక తొడిమదాక పోయినచో కాయ నాలుగు ముక్కలై చేతికి వచ్చును, అప్పుడు దానిని వంకాయకూర యని పిలిచి గంభీరముగ ముందుకు సాగుడు. శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు దోరగ వేయించి, కొబ్బరి చేర్చి పొడిచేసి కాయలలో కూరవలెను. కాని యివి యెక్కడనున్నవి? ధనియాలు ధనియాల డబ్బాలో ఉండునని నమ్మువాడు సంసారమెరుగనివాడు. మా యింట ధనియాలు హార్లిక్సు సీసాలోను, మినప్పప్పు బిస్కత్తుల డబ్బాలోను వసించును. కావున ‘ఏమేవ్, చింతపండేదీ?’ అని యడుగుచుండుడు. ‘రెండో అరలో, కందిపప్పు డబ్బా వెనకాలండీ’ అని కుర్చీనుండి సమాధానము వచ్చును. పదునేడవ ప్రశ్నకు ఆమెయే వచ్చును. రానిండు, ప్రణయమునకు సాన్నిధ్యము ఆవశ్యకము గదా! మూతలో నీళ్లు పోసి సన్నని సెగపై కూర మగ్గనిచ్చుట, అన్నము వార్చుట, చారుకు పోపు పెట్టుట మున్నగు అల్పవిషయములను ఆమెకు విడిచి, మీరు గరిటెను మాత్రము చేతినుండి జారనీయకుడు.

బాహుకుని రూపమున దాగిన నలుని, అతడు వండిన మాంసము రుచి చూచి దమయంతి గుర్తుపట్టెనని భారతము చెప్పుచున్నది. మాది శాకమే గాని, ఫలితమున భేదము లేదు: మొదటి ముద్దకే నన్నామె గుర్తుపట్టినది.

కొవ్వొత్తుల వెలుగు ప్రణయమునకు ప్రశస్తమని సినిమాలు ఘోషించుచున్నవి. నేనును దీపములార్పి రెండు కొవ్వొత్తులు వెలిగించితిని. మూడు నిమిషములు గడవకమునుపే ప్రక్కయింటి పిన్నిగారు తలుపు తట్టి, ‘కరెంటు పోయిందా నాయనా? మాకుందే! ఫ్యూజు చూసుకున్నావా?’ అని పరామర్శించిరి. ఆ వెలుగున మాడిన వంకాయ కనబడదనుట నిజమే. పుచ్చు వంకాయయు కనబడదు.

ఇక దుస్సాధ్యమైనది ఆమెను కూర్చుండబెట్టుట. కూర్చుండును, నేతిగిన్నెకు లేచును. కూర్చుండును, మంచినీళ్లకు లేచును. పెరుగు తోడుకొన్నదో లేదో చూచుటకు లేచును. ఏకాంతభంగమయ్యెనని మొదట నేను నొచ్చుకొంటిని; కాని ఆమె లేచినదెల్ల నేను మరచిన వస్తువుల కొరకేయని గ్రహించిన పిమ్మట, ఎట్లును లేచినది కదా యని, మాగాయ కూడ తెమ్మంటిని.

మరునాటి యుదయమున ‘రాత్రి వంటంతా మా ఆయనే పిన్నిగారూ’ అని గోడమీదుగా ఆమె చెప్పుచుండగా, పత్రిక చాటున మురిసిపోయితిని. ‘అలాగా!’ అనిరి పిన్నిగారు; అని, కుళాయిక్రింద ఆమె తోముచున్న గిన్నెలను ఒక్కొక్కటిగ లెక్కించుచు చాలసేపు అచ్చటనే నిలిచిరి.