ఉక్కు నగరంలో ఉత్త ప్లాటు

ఆష్టి వంతెన మీద నిలబడితే మనకు వైనగంగ కనిపిస్తుంది. ప్లాట్ల దళారికి 'రివర్ వ్యూ' కనిపిస్తుంది. ఆయన చూపు మనకంటే చాలా దూరం పోతుంది: దగ్గర్లో కోన్సరిలో లేస్తున్న ఉక్కు కర్మాగారం, సూర్జాగఢ్ గుట్టల నుంచి దిగే ఇనుపరాయి లారీలు, వాటి వెనకే ఇంకా పుట్టని టౌన్‌షిప్పులు. 2025 జనవరి 1న మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఫడ్నవీస్ కోన్సరికి వచ్చి ప్రారంభోత్సవాలు చేశారు. గడ్చిరోలిని ఉక్కు కేంద్రం చేస్తామన్నారు. ఆయన జిల్లా అన్నారు. దళారికి సర్వే నంబరుతో సహా వినిపించింది.

ఇక కొనేవాడు. సొరకాయకు గోరు గుచ్చి చూడందే సంచిలో వేసుకోని పెద్దమనిషి, భూమి దగ్గరికొచ్చేసరికి బ్రోచర్ నునుపు చూసి బయానా ఇస్తాడు. మంచిర్యాల నుంచో కాగజ్‌నగర్ నుంచో కారేసుకొచ్చిన ఈయన తెలివితక్కువవాడేం కాదు. జబ్బు వేరు. ఆయన కొంటున్నది ఆష్టి భూమిని కాదు, ఇరవై ఏళ్ల కింద బావమరిది కొనమంటే కొనని గచ్చిబౌలిని. ఆ దిగులుకు గజానికింత అని రేటు కట్టడమే దళారి విద్య. 2015లో అమరావతికి శంకుస్థాపన అయినప్పుడు ఇదే దిగులు కార్లెక్కి కృష్ణ ఒడ్డుకు పోయింది. 2019లో ప్రభుత్వం మారి రాజధాని మూడు ముక్కలనేసరికి కాళ్లీడ్చుకుంటూ వెనక్కొచ్చింది. అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది ఆరు వేల కోట్లకు పైగా ఫీజు కట్టి నేర్చుకున్న పాఠం ఉంది కదా అంటారేమో. పాఠం వాళ్లకే వచ్చింది. మన ఫీజు మనం వేరే కట్టుకోవాలి.

నిజానికి ఇక్కడ మునగకుండా ఉండటానికి మహారాష్ట్ర సర్కారు పెట్టిన ధర 15 రూపాయలు. డిజిటల్ సంతకంతో సాత్‌బారా, అంటే అక్కడి భూమి పహాణీ, అంతకే వస్తుంది. అందులో 'వర్గ్-2' అని ఉంటే పైవాళ్ల అనుమతి లేనిదే ఆ భూమి చేతులు మారదు. ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాడు కొనాలంటే 1966 నాటి భూ రెవెన్యూ కోడ్‌లో 36-ఎ అడ్డం పడుకుని ఉంటుంది, కలెక్టర్ ముందే మంజూరు చేస్తే తప్ప లేవదు. సాగుభూమి అయితే కొనేవాడు రైతై ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటైతే మహారేరా నంబరు ఉండాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి పైసలు పుచ్చుకోకూడదు.

వీటన్నిటికీ దళారి దగ్గర ఒకటే జవాబు: "ప్రాసెస్‌ల ఉన్నదన్నా." రేరా మాటెత్తితే నవ్వుతాడు. "అది ముంబైకన్నా, ఇది జంగల్." ఆలు లేదు చూలు లేదు, వెంచరుకు మాత్రం ఆర్చి లేచింది, ఆర్చికి పేరూ పెట్టేశారు. రిజిస్ట్రేషన్ ఎప్పుడంటే నోటరీ చేయిస్తానంటాడు, మరీ గుచ్చి అడిగితే జీపీఏ రాయిస్తానంటాడు. జీపీఏ అమ్మకాలతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఆ తీర్పుకు ప్రాణహిత దాటే పడవ దొరకనట్టుంది.

రివర్ వ్యూ కావాలంటే కింద సిరొంచ రైతుల్ని అడగండి. మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లు బ్రోచర్ ఖర్చు లేకుండా వాళ్ల పొలాల్లోకే నడిచొచ్చాయి. పరిహారం కోసం పాపం వాళ్లు దీక్షలకు కూర్చున్నారు. అదీ అప్పట్లో 'ప్రాసెస్'లోనే ఉంది. 2019 జూన్ 21న ఆ బ్యారేజీ ప్రారంభానికి కేసీఆర్, జగన్, ఫడ్నవీస్ ముగ్గురూ వచ్చారు. 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి. ముగ్గురు ముఖ్యమంత్రుల ఎదుట ప్రారంభమైనది కుంగితే కుంగింది గానీ, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టిన నోటరీ కాగితం నిలబడుతుందని మనవాడి ధీమా.

బయానా ఇచ్చే ముందు ఒక్కమాట అడిగి చూడొచ్చు.

"తమ్మీ, ఇండ్ల నువ్వెన్ని ప్లాట్లు తీస్కున్నవ్?"

"నాకెందుకన్నా! కమీషన్ పైసలు పోస్టాఫీసుల ఏసిన."