బాగుంది మేడమ్, కానీ...

ప్రపంచంలో మొగుళ్ళందరూ తప్పించుకు తిరిగే ప్రశ్న ఒకటుంది: "ఎలా ఉన్నాను?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే నాకు నెల నెలా జీతం ఇస్తారు. కూకట్‌పల్లిలో ఒక మాల్‌లో, కళ్ళు జిగేల్మనే లైట్ల కింద, నల్ల చొక్కా తొడుక్కుని లిప్‌స్టిక్‌లు, ఫౌండేషన్‌లు అమ్ముతుంటాను. బ్యాడ్జి మీద 'బ్యూటీ అడ్వైజర్' అని రాసి ఉంటుంది. సూర్యాపేటలో మా నాన్న మాత్రం "మావోడు హైదరాబాద్ల కంపెనీల చేస్తుండు" అని, ఏం కంపెనీ అని ఎదుటివాళ్ళు అడిగేలోపు వానల సంగతి ఎత్తుకుంటాడు.

నాన్నకి నచ్చజెప్పబోయాను. చీరల కొట్లో మగవాళ్ళే కదా పమిట తమ భుజాన వేసుకుని చూపించేది, గాజులు తొడిగేవాళ్ళలో మగవాళ్ళు లేరా, నాదీ అదే వరస అన్నాను. నాన్న నా ఎడమ చెయ్యి వంక చూసి, "గాజులాయన ఎదుటోళ్ళకు తొడుగుతడు గని తను ఏసుకుంటడా?" అన్నాడు. ట్రైనింగ్‌లో చెప్పిన చరిత్ర కూడా ప్రయోగించాను. విదేశీ అలంకరణ సామగ్రి కోసం మన విదేశీ మారకద్రవ్యం ఖర్చైపోతోందని నెహ్రూ ఆలోచించబట్టే 1952లో టాటాలు లాక్మే పెట్టారు, కాబట్టి లిప్‌స్టిక్ అమ్మడం కూడా దేశసేవే అన్నాను. "అంత దేశభక్తి ఉంటే మిలిట్రీల చేరకపోయినవా!" అన్నాడు.

నాన్న చూసిన ఆ ఎడమ చెయ్యి గురించి చెప్పాలి. ఎవరైనా ఎరుపు అడిగితే ఇటుక ఎరుపు, చెర్రీ ఎరుపు, నారింజ కలిసిన ఎరుపు, వంగపండు వైపు మొగ్గే ఎరుపు అన్నీ వరసగా నా ముంజేతి మీద గీసి చూపిస్తాను. సాయంత్రానికి మోచేతి దాకా గీతలే. రోజంతా చెదరదని చెప్పి అమ్మిన సరుకు కదా, సబ్బుకీ చెదరదు. ఆ చేత్తోనే సిటీ బస్సు కడ్డీ పట్టుకుని ఇంటికి పోతాను. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయినప్పటి నుంచి ఆ బస్సులో నాలాంటివాళ్ళు తక్కువ, నా కస్టమర్లు ఎక్కువ. ఒకరోజు కండక్టరమ్మ నా చెయ్యి చూసి, "ఎన్ని గీతలు పెట్టుకున్నా నీకు జీరో టికెట్ రాదు తమ్మీ, పైసలు తియ్యి" అంది. బస్సంతా నవ్వింది. పక్క సీటావిడ మాత్రం నవ్వలేదు. "పై నుంచి నాలుగోది ఏం షేడు బాబూ?" అని అడిగింది.

ఇక అసలు పని, జవాబు చెప్పడం. బాగాలేనిదాన్ని బాగుందంటే వారం తిరక్కుండా బిల్లు పట్టుకుని వస్తారు. బాగాలేదంటే అప్పుడే వెళ్ళిపోతారు. అందుకే మా వృత్తి మొత్తం "బాగుంది మేడమ్, కానీ..." అనే మాట మీద నడుస్తుంది. 'బాగుంది' ఆవిడ కోసం, 'కానీ' నా మనస్సాక్షి కోసం, ఆ తర్వాత వచ్చే మూడు చుక్కలు మేనేజర్ కోసం. ఆ చుక్కల్లోంచే నేను ఇంకాస్త ఖరీదైన రకం బయటికి తియ్యాలి.

ఈ 'కానీ'తో ఎక్కువ అవసరం పడేది ఫౌండేషన్ దగ్గర. చాలామంది ముంజేతికి రాసుకుని చూస్తారు. చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ అంచున రాసి, మెడ రంగులో కలిసిపోయిందా లేదా చూడాలి. అది కూడా మా లైట్ల కింద కాదు. మా లైట్ల కింద అందరూ పెళ్ళికూతుళ్ళే. అందుకని అద్దం చేతికిచ్చి వెలుతురున్న గుమ్మం దాకా రమ్మంటాను. సెక్యూరిటీ ఆయన ఇంకా నన్ను అనుమానంగానే చూస్తాడు.

కూతురికి సరిగ్గా సరిపోయిన షేడు దొరికిందనుకోండి, తల్లి ఒప్పుకోదు. "ఇంకో రెండు నెంబర్లు తెల్లగా ఉండేది ఇవ్వు బాబూ, పెళ్ళివారొస్తున్నారు." రెండు నెంబర్లు తెల్లగా వేస్తే ముఖం ఒకరిదీ మెడ ఇంకొకరిదీ అవుతాయి, పెళ్ళివారు ఏది చూసి ఒప్పుకోవాలో తేల్చుకోలేరు అని మనసులో అనుకుని, "బాగుంది మేడమ్, కానీ ఫొటోల్లో తేడా తెలుస్తుంది" అంటాను. దేవుడి మాట వినని తల్లులు కూడా ఫొటోగ్రాఫర్‌కి భయపడతారు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. ట్యూబు మీద పేరు మారింది గానీ ట్యూబు అడిగేవాళ్ళ మాట మారలేదు: "అదే, తెల్లగా అయ్యేది."

సన్‌స్క్రీన్ కొనేవాళ్ళు లెక్కల మనుషులు. ఎస్పీఎఫ్ 50 అంటే 30కి దాదాపు రెట్టింపు రక్షణ అనుకుంటారు. నిజానికి సరిగ్గా రాసుకుంటే, చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాల్లో 30 దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది, 50 దాదాపు 98 శాతాన్ని. సరిగ్గా రాసుకోవడం అంటే ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకోవడం. మనవాళ్ళు ఊరగాయకి వేళ్ళు చాచినంత ధారాళంగా సన్‌స్క్రీన్‌కి చాచరు. బఠాణీ గింజంత రాసుకుని, ఎండ తగ్గలేదని నా మీదికొస్తారు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గినప్పుడు ఇంకో తమాషా. షాంపూ, తలనూనె, ముఖానికి రాసే పౌడరు 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. లిప్‌స్టిక్ మాత్రం 18 దగ్గరే కూర్చుంది. ఒకావిడ పేపరు తెచ్చి మరీ నిలదీసింది. చెంపలు నిత్యావసరం, పెదవులు విలాసం అని ప్రభుత్వం తేల్చిందని వివరించాను. "మా ఆయన అభిప్రాయమూ అదే" అని పౌడరే కొనుక్కుని వెళ్ళింది.

మగవాళ్ళు రెండు సందర్భాల్లో వస్తారు: పెళ్ళిరోజుకీ, పెళ్ళిరోజు మర్చిపోయిన మర్నాటికీ. "ఒక రెడ్ లిప్‌స్టిక్ ఇవ్వండి" అంటారు ధీమాగా. "ఏ రెడ్ సార్?" అనేసరికి వైవా పరీక్షలో కూర్చున్నట్టయిపోతారు. చివరికి ఇంటికి వీడియో కాల్ చేస్తారు. అలా ఫోన్‌లోంచి నాకు పరిచయమైన వంటిళ్ళు బోలెడు. సెంట్ల దగ్గర చిన్న గిన్నెలో కాఫీ గింజలు పెడతాం, ఒకదాని తర్వాత ఒకటి వాసన చూసి ముక్కు అలసిపోతే మధ్యలో వాటిని చూడమని. ఒక పెద్దాయన రెండు గింజలు నోట్లో వేసుకుని, "కాఫీ ఇచ్చే పద్ధతి ఇదేనా?" అని గదమాయించాడు.

శనివారం సాయంత్రం కాలేజీ పిల్లలొస్తారు. అడుగున రాసే ప్రైమర్ దగ్గర మొదలుపెట్టి టెస్టర్లతోనే మేకప్ మొత్తం పూర్తి చేసుకుని, పై అంతస్తులో సినిమాకి పోతారు. పుల్లతో రాసుకోమని ఎంత మొత్తుకున్నా టెస్టర్ లిప్‌స్టిక్‌ని నేరుగా పెదాలకే పెట్టేస్తారు. వాళ్ళు అటు వెళ్ళగానే టిష్యూతో పైపొర చెక్కి, స్పిరిట్ కొట్టి దాన్ని మళ్ళీ మడికట్టిస్తాను.

ఇవన్నీ నిలబడే చెయ్యాలి. కౌంటర్ వెనకాల స్టూలు ఉంటే కూర్చుంటామని కంపెనీవాళ్ళకి ముందే తెలుసు, కాబట్టి స్టూలు ఉండదు. కోళికోడ్ బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు పోరాడగా పోరాడగా కేరళలో 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి ఎక్కింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. చెన్నై బట్టల కొట్టు పనివాళ్ళ బతుకు చూపించిన 'అంగాడి తెరు' సినిమా మన దగ్గరికి 'షాపింగ్ మాల్' పేరుతో వచ్చింది. సినిమా డబ్ అయినంత తేలిగ్గా కుర్చీ డబ్ కాదు. ప్రస్తుతానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. కింది అరలో స్టాక్ లెక్కపెట్టే పని ఎవరికని మేనేజర్ అడిగితే, అందరికంటే ముందు నేనే చెయ్యెత్తుతాను. అది గొంతుక్కూర్చుని చేసే పని. నా అంకితభావాన్ని మేనేజర్ మీటింగులో మెచ్చుకున్నాడు కూడా.

ఈమధ్య మావాళ్ళు నల్లగొండలో పెళ్ళిచూపులకి తీసుకెళ్ళారు. నాన్న యథాప్రకారం "కంపెనీ" అన్నాడు. అమ్మాయి మేనత్త వదల్లేదు, ఏం కంపెనీ అంది. నాన్న వానల సంగతి ఎత్తుకోబోయాడు, ఎర్రటి ఎండాకాలం. ఇక నేనే చెప్పేశాను. క్షణం నిశ్శబ్దం. తర్వాత మేనత్త కుర్చీ ముందుకు జరుపుకుని, "అయితే నాకు ఏ రంగు బాగుంటది చెప్పు బాబూ" అంది. అమ్మాయి వాళ్ళ అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. అమ్మాయి వదినగారు ట్యూబ్‌లైట్ కిందికి జరిగింది. వద్దని నేనే అందరినీ వరండాలో వెలుతురులోకి తీసుకొచ్చాను. నాన్న మిక్చర్ ప్లేటులోకి తలొంచుకున్నాడు. అందరి తర్వాత అమ్మాయి వచ్చి, పెట్టుకున్న లిప్‌స్టిక్ చూపిస్తూ, "ఎట్లుంది?" అంది.

"బాగుందండీ, కానీ..." అన్నాను, అలవాటు కొద్దీ.

సంబంధం సంగతి ఆలోచించుకుని ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చెయ్యలేదు. మేనత్త మాత్రం రెండుసార్లు మా కౌంటర్‌కి వచ్చి వెళ్ళింది, ఈ నెల నా టార్గెట్ దాటింది.