ట్యూబు మీద దావా

మా ఫ్రిజ్ తలుపులో, నిమ్మకాయ పచ్చడి సీసా పక్కన, ఏడాదిగా దర్జాగా కాపురం చేస్తున్న ఒక ట్యూబు మీద ఇందుమూలంగా ఫిర్యాదు చేసుకుంటున్నాను.

నేను ఊరికే గొణిగే మనిషిని కాను. మా ఆవిడ ఇక్కడ నవ్వుతుంది, పట్టించుకోకండి. స్నానాల గదిలో కుళాయి కారుతోందని రోజూ చెబుతానంటే, అది కారుతోంది గనక. ఈ కేసులోనైతే లిఖితపూర్వక సాక్ష్యమే ఉంది: నా పద్దు పుస్తకం.

కిందటేడు మే నెల, బెజవాడ ఉక్కపోత. గజ్జల్లో రూపాయి బిళ్ళంత తామర లేచింది. పెద్దమనిషి నలుగురిలో గోక్కోగలిగిన చోటు కాదది. డాక్టరు దగ్గరికెళితే ఫీజు, టోకెను, పడిగాపులు. వీధి చివర మందుల షాపుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పుకున్నాను. కుర్రాడు చూడకుండానే అరలోంచి ట్యూబు లాగి, "రాయండి మాస్టారూ, మూడ్రోజుల్లో మాయం" అన్నాడు. రెండు రోజులకే మాయమైంది! ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ కుర్రాడికి డాక్టరు పట్టా ఇచ్చేశాను.

ఇక పద్దు చూడండి. మే 9న ఒక ట్యూబు. జూన్ 2న ఇంకొకటి, మచ్చ అరచెయ్యంత. ఆగస్టులో రెండు, మచ్చ నడుము దాటింది. దసరాకల్లా సరుకుల చీటీలో కందిపప్పు కిందే ట్యూబు. దోమ కుట్టిందని మా అత్తగారు, మొటిమలని మా అబ్బాయి కూడా దాన్నే పిండుతున్నారు.

సంక్రాంతి సెలవుల్లో తేదీలు కలిపి చూసుకుంటే గుండె గుభేలుమంది. రాసినప్పుడల్లా చల్లారింది, ఆపినప్పుడల్లా రెట్టించి లేచింది. అనుమానం అక్కడితో ఆగుతుందా? పెరిగిన షుగరు, పట్టేసిన మోకాళ్ళు, పలచబడ్డ జుట్టు, అన్నీ ముద్దాయి ఖాతాలో రాసేసి, నాలుగు పేజీల అభియోగపత్రంతో చర్మవ్యాధుల డాక్టరమ్మ ముందు హాజరయ్యాను.

ఆవిడ పొలుసు కాస్త గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, మైక్రోస్కోపులో చూసింది. "మామూలు తామరేనండీ, ముసుగేసుకుంది" అంది. ట్యూబులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఉన్నాయట. హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్‌తో పోలిస్తే దీని ఘాటు దాదాపు 600 రెట్లు. అది ఒంటి కాపలావాళ్ళను జోకొట్టి పడుకోబెడుతుంది. ఎరుపూ దురదా పోతాయి. ఫంగస్ మాత్రం అడిగేవాడు లేక పొలం ఆక్రమించుకుంటూ పోతుంది.

పైగా రాసిన చోటు ఎలాంటిది! ముంజేతి నుంచి ఒంట్లోకి ఇంకే హైడ్రోకార్టిసోన్ కంటే, గజ్జల పక్కనే ఉన్న వృషణాల చర్మం నుంచి ఇంకేది 42 రెట్లు ఎక్కువని 1967లోనే లెక్క తేల్చారట. ఆ లెక్క నా పద్దు పుస్తకంలో ఏ పేజీలో రాసుకోను?

ఆవిడ ఒక్కొక్క అభియోగమే విచారించింది. తామర పాకడం: రుజువైంది. తొడల లోపల లేచిన ఊదా చారలు: అవీ రుజువే, పూర్తిగా పోవు, యావజ్జీవం. అబ్బాయి మొటిమలు ముదరడం: అదీ ట్యూబు పనే. షుగరు: ఇంత ఘాటు మందు ఇంతకాలం పల్చటి చర్మం మీద రాస్తే రక్తంలో చేరి పెంచే అవకాశం ఉంది. "కానీ డిసెంబరు పద్దులో ఈ పూతరేకులు ఎవరివండీ?" అంది. తీర్పు వాయిదా. మోకాళ్ళు, జుట్టు: కేసు కొట్టివేత.

ఆ స్టెరాయిడ్‌ను కూడా ఆవిడ ఉరి తీయలేదు. సోరియాసిస్‌కో ఎగ్జిమాకో, డాక్టరు చెప్పినన్ని రోజులు, కొలత ప్రకారం రాస్తే ఇదే మేలు చేస్తుందట. చూపుడు వేలి కొస కణుపు పొడుగున పిండితే అర గ్రాము, వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. నేనేమో దోసెకు వెన్న రాసినట్టు రాశాను.

2018లోనే కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ఆ మాట ట్యూబు మీదే అచ్చయి ఉంది. పాల ప్యాకెట్టు తేదీని భూతద్దం పెట్టి చదివే నేను దాన్ని చదవలేదు. కనక రెండో ముద్దాయిగా నన్నే చేర్చుకోమని మనవి.

ఇప్పుడు ఫంగస్ బిళ్ళలు, మచ్చ పోయాక కూడా వారాల తరబడి మింగాలి. దురద ఒంటి ఫిర్యాదనీ, మూలం చూడకుండా దాని నోరు మూయించానని డాక్టరమ్మ అన్న మాట ఇంటికొచ్చి మా ఆవిడకు గంభీరంగా వినిపించాను. ఆ ఊపులోనే కుళాయి సంగతీ ఎత్తాను.

"అలాగేలెండి, కాఫీ తాగండి" అంది.

తాగాను. చల్లబడ్డాను. ముప్ఫై ఏళ్ళుగా నాకూ ఇంట్లో ఇదే పూత. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.