నాలుగున్నర సెంటీమీటర్ల పెళ్ళి

కూతురి పెళ్ళి ఫొటోల సంగతి మాట్లాడదామని స్టూడియోకి వెళ్ళిన తండ్రికి అక్కడ ఇప్పుడు ముందు చూపించేది ఫొటోలు కాదు, లెన్సు. “ఎయిటీఫైవ్ వన్ పాయింట్ ఫోర్ సార్, చాలామంది దగ్గర లేదు” అంటాడు కుర్రాడు, దాన్ని రెండు చేతులా ఎత్తి చూపిస్తూ. మూతి దగ్గర ఎర్ర రింగు, ముందు పెద్ద అద్దం. ఆయనకి అందులో అర్థమైంది ఏమీ లేదు. అర్థం కానిదానికి రేటెక్కువని మాత్రం ముప్పయ్యేళ్ళ సంసారంలో తెలిసొచ్చింది. వియ్యంకుడి నోట విన్న ఒక్క ప్రశ్న వేస్తాడు: “బ్లర్ బాగా వస్తుందా బాబూ?” కుర్రాడి మొహం వెలిగిపోతుంది. “వెనకాల ఎవరున్నారో కూడా తెలీదు సార్!” అని హామీ ఇస్తాడు. అడ్వాన్సు చేతులు మారుతుంది.

ఆ హామీని ఇంకోసారి నిదానంగా వినండి. వెనకాల ఎవరున్నారో తెలీదట!

తెలుగు పెళ్ళిలో వెనకాల ఉండేది ఎవరండీ? మేనకోడల్ని బుట్టలో మోసుకొచ్చి నడుం పట్టేసిన మేనమామ. పీటల వెనక అక్షింతల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పెద్దమ్మ. రాత్రి బస్సెక్కి వచ్చి, ముందు వరసలో కుర్చీ ఇవ్వలేదని లోపల ఇంత పెట్టుకుని, అయినా తాళి కట్టే వేళకి కొంగుతో కళ్ళొత్తుకునే నాయనమ్మ. వీళ్ళంతా ఆల్బంలో ఏమయ్యారయ్యా అంటే, గుండ్రటి రంగు మచ్చలయ్యారు. ఆ ఆకుపచ్చ మచ్చ పెద్దమ్మ పట్టుచీరా, మండపానికి కట్టిన అరటిపిలకా అన్నది ఎవరూ తేల్చలేరు. పదేళ్ళు పోయాక, పెద్దమ్మ లేనప్పుడు, పిల్లలు అడిగితే ఆ మచ్చ మీదే వేలు పెట్టి చూపించాలి.

కాస్త లెక్క చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 85 ఎం.ఎం. లెన్సు తగిలించి, ఎఫ్/1.4 దాకా బార్లా తెరిచి, మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడితే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. అంతే. పెళ్ళికూతురు కంటికి ఫోకస్ పెడితే ముక్కుపుడక వస్తుంది, చెవి బుట్టలు రావు. జడకుచ్చులు రావు. వడ్డాణానికైతే ఫ్రేములోనే చోటు లేదు. ఇవాళ్టి బంగారం ధరకి బుట్టలు చేయించిన తల్లి ఆ ఫొటో చూసి ఏమంటుందో నేను రాయను; పత్రికకి మర్యాద ఉంటుంది.

జీలకర్ర బెల్లం ఘట్టం చూడండి. మధ్యలో అడ్డుతెర, గట్టిమేళం, ముహూర్తం దాటిపోతోందని పంతులుగారి కేక. ఆవిడ చెయ్యి ఆయన నెత్తిన, ఆయన చెయ్యి ఆవిడ నెత్తిన. మన పెళ్ళికి ప్రాణమంతా ఆ క్షణమే. రెండు మొహాలు, రెండు చేతులు, తమలపాకు మీద ముద్ద, తెర పట్టుకున్నవాళ్ళ వేళ్ళు, ఇవన్నీ కలిస్తేగాని అది జీలకర్ర బెల్లం కాదు. నాలుగున్నర సెంటీమీటర్లలో ఇవన్నీ ఎక్కడ పడతాయి? ఆల్బం తెరిస్తే రెండు పేజీల నిండా పెళ్ళికూతురి కనురెప్ప ఒక్కటే, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. పెళ్ళికొడుకు మసక. ఎవరి నెత్తిన ఎవరు చెయ్యి పెట్టారో రూఢి చేసుకోవాలంటే పంతులుగారిని సాక్ష్యం అడగాలి. ఆయనా మసకే.

అడిగితే “ఆర్టిస్టిక్ సార్” అంటారు. ఈ మాటకి మన దగ్గర జవాబు లేదు.

ఇక డెకరేషన్ సంగతి. మండపం వెనక గోడంతా పూలు, దీపాల తోరణాలు, గుడి గోపురం సెట్టు. వీటికి లక్షలు పోశారు. ఆ లక్షలు కనపడకుండా చెయ్యడానికి లక్ష దాటిన లెన్సు తెప్పించారు. ఒకే జేబులోంచి డబ్బు తీసి ఒకడితో కట్టించి, ఇంకొకడితో చెరిపించడం అనే ఈ ఏర్పాటు మీద ఇంతవరకూ ఏ ఆడిటరూ అభ్యంతరం చెప్పలేదు.

“చీకట్లో తియ్యాలంటే ఇలాంటి లెన్సే కావాలి” అన్నది రెండో వాదన. చీకటి సంగతి చెప్పాలంటే స్టాన్లీ కుబ్రిక్‌కి చెప్పాలి. 1975లో వచ్చిన ‘బారీ లిండన్’లో కొవ్వొత్తుల వెలుగులో తియ్యాల్సిన సీన్ల కోసం ఆయన జైస్ కంపెనీ నాసా కోసం చేసిన 50 ఎం.ఎం. ఎఫ్/0.7 లెన్సులు సంపాదించి వాడాడు. ఫోకస్ లోతు ఎంత తక్కువంటే నటులు ఇష్టమొచ్చినట్టు కదలడానికి వీల్లేకపోయింది. అది చీకటి, అది అవసరం. మన ఫంక్షన్ హాల్లో ఏముంది? సీలింగు నిండా లైట్లు, వీడియోవాళ్ళ ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, వెనకాల భగభగలాడే ఎల్‌ఈడీ గోడ. రాత్రి రెండింటికి ముహూర్తమైనా మండపంలో మిట్టమధ్యాహ్నమే. ఆ వెలుగులో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఎల్‌ఈడీ దీపాలు మన కంటికి కనపడకుండా మినుకుతాయి. షట్టర్ వేగం దానికి తగ్గట్టు పెట్టకపోతే ఫొటో మీద అడ్డచారలు పడతాయి. ఎర్ర రింగు ఆ చారల్ని ఆపలేదు. స్టూడియోలో కూర్చున్న తండ్రి ఆ ప్రశ్న అడగడు, కుర్రాడు చెప్పడు. చారలు పడ్డ ఫొటోల్ని నలుపు తెలుపు చేసి “క్లాసిక్ లుక్” అని ఇస్తారు.

తెల్ల లెన్సుదీ ఒక కథ. 70-200 అనే ఆ పొడుగాటి వస్తువుని కనిపెట్టింది దూరంగా నిలబడి దగ్గరగా తియ్యడానికి. హాలు మధ్యలో ఎక్కడో నిలబడితే ఎవరికీ అడ్డం లేకుండా తాళి ముడి దాకా అందుతుంది. మనవాడు దాన్ని మోసుకుంటూ మండపం ఎక్కుతాడు. ఎక్కాక ఫ్రేములో మనుషులు పట్టరు. పట్టకపోయేసరికి వెనక్కి జరుగుతాడు, జరుగుతూ జరుగుతూ హోమగుండం దాకా వస్తాడు, “బాబాయ్, మీరు కొంచెం పక్కకి” అని కన్యాదానం చేసిన మనిషినే కిందికి దించేస్తాడు. వాడి పక్కన ట్రెడిషనల్ ఫొటోగ్రాఫరు, వాడి పక్కన క్యాండిడ్, వాళ్ళిద్దరి మధ్య వీడియో, నెత్తిన డ్రోను రొద. ట్రెడిషనల్ అతను ఫ్లాష్ కొడితే క్యాండిడ్ అతని ఫ్రేము పాడవుతుంది, క్యాండిడ్ అతని భుజం ట్రెడిషనల్ ఫ్రేములో పడుతుంది. కింద నాలుగొందల మంది అక్షింతలు గుప్పిట పట్టుకుని ఈ నలుగురి వీపుల్ని దర్శించుకుంటారు. పెళ్ళి చూడాలనుకున్నవాళ్ళకి హాలు పక్కన పెద్ద తెర పెట్టారు. పెళ్ళికొచ్చి పెళ్ళిని టీవీలో చూడటం అలవాటైపోయింది కనక ఇది మనకి వింతగా లేదు. అక్షింతలు కూడా తెర మీదికే వేస్తే సరిపోతుంది.

సిద్ధాంతిగారు పంచాంగం ముందేసుకుని నిమిషాలతో సహా కట్టిన ముహూర్తం ఈ లెన్సు దగ్గర తలొంచుతుంది. “పంతులుగారూ, ఒక్క సెకను. తాళి అలాగే పైకెత్తి పట్టుకోండి అన్నా, ఫోకస్ పోయింది.” మూడో ముడి రెండుసార్లు పడుతుంది. అప్పగింతల్లో తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే “ఆంటీ, ఇటు తిరిగి” అనే గొంతు వినపడుతుంది. దీని పేరు క్యాండిడ్. కెమెరా వైపు చూడొద్దని వందసార్లు చెప్పి తీసే సహజత్వం! అరుంధతి సంగతి సరేసరి. ఏసీ హాలు సీలింగు వైపు వేలు చూపించి నవదంపతుల చేత తల ఎత్తిస్తారు, లెన్సు వాళ్ళ మెడల మీద ఉంటుంది. ఆ నక్షత్రం మాత్రం ఇంతవరకూ ఏ ప్యాకేజీలోనూ, ప్లాటినంలో కూడా, ఎవరికీ చిక్కలేదు.

ఈ పిచ్చి మొదటి నించీ లేదు. మన పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళకి యాషికా పెట్టె కెమెరా వచ్చేది. కిందా పైనా రెండు కళ్ళు, మెడలో వేలాడదీసుకుని పైనించి తొంగి చూడటం. 80 ఎం.ఎం. ఎఫ్/3.5 లెన్సు దానికే బిగించి ఉండేది, మార్చడానికి వీల్లేదు. రీలుకి పన్నెండు ఫొటోలు. పన్నెండే ఉన్నాయి కనక ఆ ఫొటోగ్రాఫరు జీలకర్ర బెల్లం ఎప్పుడో, తలంబ్రాలు ఎప్పుడో పంతులుగారికంటే ముందే తెలుసుకుని నిలబడేవాడు. ఏ వైపు నించి తాళి కనిపిస్తుందో, ఎవరి అత్తగారిని గ్రూపు ఫొటోలో ఎవరి పక్కన నిలబెట్టకూడదో కూడా ఆయనకి తెలుసు. ఆ పన్నెండింటిలో ఇంటిల్లిపాదీ ఉన్నారు, ఉయ్యాల్లో పిల్లాడితో సహా. పాతవన్నీ గొప్పవని నేననను. తర్వాత వచ్చిన వీడియో క్యాసెట్లలో తామరపువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్ళికొడుకు బయటికొచ్చే మిక్సింగు మన తరమే చేయించుకుంది.

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇప్పుడు ఆడలేనివాడు మద్దెలని తిట్టడం లేదు, వాయిదాల మీద కొత్త మద్దెల కొంటున్నాడు. ఆ వాయిదా కట్టాలంటే నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకోవాలి, ఒప్పుకున్న పెళ్ళిళ్ళలో కొన్నదాన్ని చూపించాలి, చూపించాలంటే బార్లా తెరవాలి. ఎఫ్/4కి మూస్తే అందరి ఫొటోల్లాగే ఉంటుందని వాడి భయం. కుర్రాళ్ళని అని లాభం లేదు. పక్కింటి పెళ్ళి టీజరు చూసి “మాక్కూడా అలాంటిదే” అని అడిగింది మనమే.

న్యాయంగా చెప్పాలంటే ఆ లెన్సుకీ ఒక చోటుంది. పెళ్ళికూతురు ముస్తాబై కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నప్పుడు తియ్యండి, దణ్ణం పెడతాను. పీటల మీదికి వచ్చాక మాత్రం సంచిలో పెట్టెయ్యండి. 35 ఎం.ఎం. ఎఫ్/4లో మూడు మీటర్ల దూరం నించి తీస్తే దాదాపు రెండు మీటర్ల లోతు ఫోకస్‌లో ఉంటుంది: వధూవరులు, పంతులుగారు, వెనక పెద్దమ్మ, ఆవిడ చేతిలో పళ్ళెం. 24-70 ఎఫ్/2.8 ఒక్కటుంటే పెళ్ళి మొత్తం వెళ్ళిపోతుంది. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి, ఫ్లాష్ సీలింగుకి కొట్టండి. కాస్త గ్రెయిన్ కనిపించినా పెద్దమ్మ పెద్దమ్మలాగే ఉంటుంది.

కాబట్టి పిల్ల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకి ఒక్క మాట. ఈసారి స్టూడియోకి వెళ్ళినప్పుడు కుర్రాడు లెన్సు తీస్తే తియ్యనివ్వండి, ముట్టుకోమంటే ముట్టుకోండి. ఆ తర్వాత అడగండి: “బాబూ, మా ఇంట్లో జీలకర్ర బెల్లం తర్వాత ఏముంటుంది? అప్పుడు నువ్వెక్కడ నిలబడతావు?” చెప్పలేకపోతే అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని పక్క షాపుకి నడవండి.